ఉపాధ్యాయుడు డాక్టర్ జాకిర్ హుస్సేన్

ప్రతి సంవత్సరము పరీక్షలు దగ్గరపడే వేళ మన కళాశాల ఆవరణలో ఒక ప్రశ్న వినిపిస్తూ ఉంటుంది. చదువు పూర్తి అయిన తరువాత ఏమి చేయదలచుకొన్నావని మిత్రులు ఒకరినొకరు అడుగుకొంటారు. ఇంజనీరింగు, వైద్యము, బ్యాంకు ఉద్యోగము, విదేశయానము, ఈ మాటలు గట్టిగానే వినిపిస్తాయి. ఉపాధ్యాయుడనవుతానని చెప్పేవారు లేకపోలేదు. అయితే వారిలో చాలామంది ఆ మాటను కొంచెం గొంతు తగ్గించి చెబుతారు. మరేదీ దొరకకపోతే బి.ఇడి. చదువుతానని చెబుతారు.

బతకలేక బడిపంతులు అనే సామెత తెలుగునాట తరతరాలుగా చెలామణిలో ఉన్నది. ఉర్దూ మాట్లాడే మన ఇండ్లలోను ఆ భావానికి కొరత లేదు. ఉస్తాదు ఎదురైతే సలాము చేసే చేతులే, పిల్లనిచ్చే వేళ వచ్చేసరికి ఆయన జీతమెంత అని వేళ్లు మడిచి లెక్కపెడతాయి. ఎంతో బాగా బతకగలిగి ఉండి కూడా బడిపంతులైన ఒక మహనీయుని గురించి ఈ సంచికలో వ్రాయదలచాము. ఆయన మన హైదరాబాదులో పుట్టినవారు, తరువాత భారత రాష్ట్రపతి అయినవారు. రాష్ట్రపతి అయిన సంగతి అందరూ ఎరిగినదే గనుక దానిని చివరకు ఉంచి తక్కిన జీవితాన్ని ముందు చెబుతాము. ఆ జీవితానికి ఆయన ఏమి చెల్లించారో కూడా దాచకుండా చెబుతాము.

జాకిర్ హుస్సేన్ గారు 1897 ఫిబ్రవరి 8వ తేదీన హైదరాబాదులో జన్మించారు. వారి పూర్వులు ఉత్తరప్రదేశ్‌లోని ఫరూఖాబాదు జిల్లా కాయంగంజ్‌కు చెందిన పఠానులు. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ గారు నిజాం రాజధానికి వచ్చి న్యాయవాదిగా పేరూ ధనమూ సంపాదించారు. ఏడుగురు కుమారులలో జాకిర్ మూడవవారు. 1907లో తండ్రి మరణించడంతో కుటుంబము కాయంగంజ్‌కు తరలిపోయింది. ఇటావాలోని ఇస్లామియా హైస్కూలు వసతిగృహంలో ఉండి చదువుకొంటున్న కాలంలో, 1911లో, ప్లేగు వ్యాధి తల్లిని కూడా తీసికొనిపోయింది. అది మొదలు ఆ పిల్లవానికి పాఠశాలే ఇల్లు, ఉపాధ్యాయులే పెద్దలు. పిల్లల పట్ల ఆయన జీవితాంతము చూపిన మమకారానికి మూలము ఇక్కడే ఉన్నదని మా ఊహ. సోదరులలో ఒకరైన యూసుఫ్ హుస్సేన్ ఖాన్ గారు తరువాతి కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించారు. ఆ విధంగా మన నగరంతో ఆ ఇంటి సంబంధము నిలిచే ఉన్నది.

ఆయన మొదట వైద్యుడు కావాలనుకొన్నారు. లక్నోలో సైన్సు తరగతిలో చేరారు. జబ్బుపడడం వలన ఆ చదువు మధ్యలో ఆగిపోయింది. అలీగఢ్‌లోని ఎం.ఎ.ఓ. కళాశాలకు వచ్చి 1918లో బి.ఎ. పూర్తిచేశారు. తరువాత ఎం.ఎ., న్యాయశాస్త్రము చదువుతూనే అక్కడ కొంత బోధన కూడా చేయసాగారు. మంచి వక్త, చమత్కారంగా మాట్లాడేవారు. స్నేహితులు ఆయనను ముర్షిద్ అని పిలిచేవారు. న్యాయవాద వృత్తి తండ్రిగారిది, ఆ దారి తెరిచే ఉన్నది. అలీగఢ్ పట్టాకు ఆ రోజులలో ప్రభుత్వోద్యోగాలలో ఉన్న విలువ కూడా అందరికీ తెలిసినదే. ఇరువది మూడేండ్ల ఆ యువకుని ముందు ఉన్న దారులలో తక్కువ ఆదాయము తెచ్చేది ఉపాధ్యాయ వృత్తి ఒక్కటే.

1920 అక్టోబరు 12వ తేదీన గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్‌కు వచ్చి, ప్రభుత్వ సహాయముతో నడిచే కళాశాలను విడిచి రావలసిందని విద్యార్థులను కోరారు. ఆ సభలో జాకిర్ హుస్సేన్ గారు లేరు. వైద్యము కోసం ఢిల్లీకి వెళ్లి ఉన్నారు. తిరిగి వచ్చినప్పుడు రైలు స్టేషనులో కొందరు విద్యార్థులు ఆ నాయకుల మాటలను ఎగతాళి చేస్తూ ఉండడము విని ఎంతో సిగ్గుపడ్డారని ఆయన జీవితచరిత్ర వ్రాసినవారు చెబుతారు. కళాశాలను విడిచిపెట్టడము ఒక్క రోజు పని. విడిచి ఎక్కడికి పోవాలన్నదే అసలు చిక్కు. చదువు మానుకోవడమే దేశసేవ అన్న ఆలోచన ఆయనకు రుచించలేదు. జాతీయ భావాలతో నడిచే మరొక విద్యాలయము ఉండాలని ఆయనా ఆయన మిత్రులూ ఢిల్లీకి వెళ్లి హకీం అజ్మల్ ఖాన్ వంటి పెద్దలను కోరారు. అక్టోబరు 29న, ఆ కళాశాల మసీదులోనే, మౌలానా మహమూద్ హసన్ గారి చేతుల మీదుగా జామియా మిల్లియా ఇస్లామియా ప్రారంభమయింది. సొంత భవనాలు లేవు. డేరాలలోను, అద్దె ఇండ్లలోను పాఠాలు నడిచాయి. జాకిర్ హుస్సేన్ గారు ఆ డేరాలలో ఉపాధ్యాయుడు.

ఆవేశంలో తీసికొన్న నిర్ణయము కదా, రెండేండ్లలో చల్లారి ఉంటుందని ఎవరైనా అనుకోవచ్చును. 1922లో ఆయన జర్మనీకి వెళ్లారు. బెర్లిన్ విశ్వవిద్యాలయంలో సుప్రసిద్ధ ఆర్థికవేత్త వెర్నర్ జోంబార్ట్ వద్ద, బ్రిటిష్ ఇండియాలోని వ్యవసాయ పరిస్థితులను గురించి పరిశోధన చేసి డాక్టరేటు సంపాదించారు. పరిశోధన ఒక వంక సాగుతూ ఉండగా అక్కడి పాఠశాలలను చూడడము, చేతిపని ద్వారా చదువు చెప్పవచ్చునన్న కెర్షెన్‌స్టైనర్ భావాలను అధ్యయనము చేయడము మరొక వంక సాగాయి. మన ఉర్దూ మిత్రులు ప్రత్యేకంగా సంతోషించే విషయము ఒకటి ఉన్నది. బెర్లిన్‌లోని కావియానీ ముద్రణాలయంలో గాలిబ్ దీవాన్‌ను ముచ్చటైన చిన్న పుస్తకంగా ఆయన అచ్చువేయించారు. దానికై స్వయంగా అక్షరాలు కూర్చడము నేర్చుకొన్నారట. డాక్టరేటు చదువుతున్నవాడు అచ్చు అక్షరాల పెట్టెల ముందు నిలుచుండడము ఆ రోజులలో గౌరవప్రదమైన పని కాదు. చేతిపనిని గురించి తరువాత ఆయన దేశానికి చెప్పినదంతా ఈ అలవాటున్న చేతులు చెప్పినదే.

ఇంతలో ఇక్కడ జామియా పరిస్థితి విషమించింది. 1924లో టర్కీలో ఖిలాఫత్ రద్దయింది. ఇక్కడి ఖిలాఫత్ ఉద్యమము దానితో నీరుకారిపోయింది. ఆ సంఘము నుండి అందుతున్న ధనము ఆగిపోయింది. సంస్థను మూసివేద్దామన్న మాట వచ్చింది. ఆ వార్త బెర్లిన్‌కు చేరింది. జాకిర్ హుస్సేన్, ఆబిద్ హుస్సేన్, ముహమ్మద్ ముజీబ్ అనే ముగ్గురు యువకులు, తాము తిరిగి వచ్చి తమ జీవితాలను ఆ సంస్థకే ఇస్తామని, అంతవరకు మూయవద్దని కబురు పంపారు. 1925లో జామియా ఢిల్లీలోని కరోల్‌బాగ్‌కు మారింది. మరుసటి సంవత్సరము ఆ ముగ్గురూ మాట నిలబెట్టుకొన్నారు. యూరపులో చదివిన ముగ్గురు పండితులు, ఏ విశ్వవిద్యాలయమైనా పిలిచి పీఠమిచ్చే యోగ్యత గలవారు, జీతము వస్తుందో రాదో తెలియని చోటికి వచ్చి చేరారు. ఇరువది తొమ్మిదవ ఏట జాకిర్ హుస్సేన్ గారు ఆ సంస్థకు షేఖుల్ జామియా, అనగా ఉపకులపతి, అయ్యారు. 1948 వరకు, ఇరువది రెండేండ్లు, ఆ పదవిలో ఉన్నారు.

పదవి పేరు పెద్దదే. సంస్థను కాచిన హకీం అజ్మల్ ఖాన్ గారు 1927 డిసెంబరులో మరణించగా, బరువు అంతా ఉపాధ్యాయుల మీద పడింది. 1928లో వారు ఒక సంఘముగా ఏర్పడి ప్రతిజ్ఞ చేశారు. ఇరువది సంవత్సరాలు ఈ సంస్థను విడువమని, నెలకు నూట యాభై రూపాయలకు మించి ఎన్నడూ కోరమని ఆ ప్రతిజ్ఞ. జాకిర్ హుస్సేన్ గారు ఆ హద్దుకు చాలా దిగువనే నిలిచారు. ఆ కొద్ది జీతము కూడా నెల నెలా సక్రమంగా వచ్చినది కాదు. బజారులో అప్పు పెట్టడము, చినిగిన షేర్వానీకి అతుకు వేసుకోవడము ఆ ఇండ్లలో మామూలు విషయాలు. చిన్న చిన్న చందాలిచ్చే సానుభూతిపరులను ఊరూరా పోగుచేసి సంస్థను నిలిపారు.

ఇక్కడ మేము ఒక్క క్షణము ఆగవలసి ఉన్నది. ఉపాధ్యాయుల జీతాల ప్రస్తావన వచ్చినప్పుడెల్లా ఈ ప్రతిజ్ఞను ఎత్తిచూపే పెద్దలను మేము ఎరుగుదుము. మా ఎరుకలోని ఒక యువకుడు ఒక పాఠశాలలో మూడు నెలల జీతము బాకీ ఉన్నదని అడిగినందుకు, త్యాగబుద్ధి లేనివాడన్న మాట పడవలసి వచ్చింది. జామియా ఉపాధ్యాయులు తమకు తాము విధించుకొన్న హద్దు అది. తమ జీతాన్ని తాము తగ్గించుకొన్నారే గాని ఇతరుల జీతాన్ని తగ్గించలేదు. పైగా ఆ సంస్థ పగ్గాలు వారి చేతులలోనే ఉండేవి. తాను త్యాగము చేయడము, ఎదుటివాని చేత త్యాగము చేయించడము ఒకటి కావు. ఆ ఉపాధ్యాయుల భార్యలు ఏ ప్రతిజ్ఞా పత్రము మీదా సంతకము చేయలేదు గాని, ఇరువది ఏండ్లు దానిని పాటించినవారు వారే. జాకిర్ హుస్సేన్ గారి భార్య షాజహాన్ బేగం గారిని ఈ సందర్భంలో స్మరించకుండా ముందుకు పోవడము మాకు న్యాయమనిపించలేదు.

ఉపకులపతి అయినా ఆయన మనస్సు ప్రాథమిక పాఠశాలలోనే ఉండేది. చిన్నపిల్లల తరగతులకు వెళ్లేవారు, వారి ఆటలు, చేతిపనులు, తోట అన్నిటినీ గమనించేవారు. ఆ పాఠశాలలో పిల్లలే నడుపుకొనే బ్యాంకు, దుకాణము ఉండేవి. లెక్కలు అక్కడే నేర్చుకొనేవారు. 1930 దశకంలో గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే యూదు మహిళ జర్మనీ నుండి వచ్చి ఆ పసిపిల్లల నడుమ స్థిరపడింది. పిల్లలు ఆమెను ఆపాజాన్ అనేవారు. 1943లో ఆమె మరణించగా జామియాలోనే సమాధి చేశారు. 1935 మార్చి 1వ తేదీన ఓఖ్లాలో సొంత భవనానికి శంకుస్థాపన జరిగినప్పుడు, పునాదిరాయి వేయడానికి నవాబులనూ నాయకులనూ పిలువలేదు. పాఠశాలలో అందరికంటె చిన్న విద్యార్థి చేత వేయించారు.

పిల్లల మురికి బూట్లను ఆయన స్వయంగా తుడిచిన కథ మన పాఠ్యపుస్తకాల వరకు వచ్చింది గనుక ఇక్కడ మరల చెప్పము. దానికంటె మమ్మల్ని కలచివేసిన సంఘటన మరొకటి ఉన్నది. ఒకనాడు ఆయన ప్రాథమిక పాఠశాల పిల్లలకు మిఠాయి పంచుతున్నారు. ఇంటివద్ద ఆయన చిన్న కుమార్తె రెహానా జబ్బుతో ఉన్నది. మనిషి వచ్చి చెవిలో పరిస్థితి బాగులేదని చెప్పాడు. కొంతసేపటికి మరల వచ్చి పాప పోయినదని చెప్పాడు. ఆయన ముఖము పాలిపోయినది గాని చేయి ఆగలేదు. చివరి పిల్లవాని వరకు మిఠాయి పంచి ఇంటికి వెళ్లారు. పిల్లలు అంత సంతోషంగా ఉండగా ఆ సంతోషాన్ని ఆపడానికి మనసొప్పలేదన్నది ఆయన తరువాత చెప్పిన కారణము. ఆ తరువాత ఎన్నో ఉదయాలు ఆయన తలగడ తడిసి ఉండేదని బేగం గారు చెప్పినట్లు చెబుతారు. ఈ సంఘటనను సభలలో కర్తవ్యదీక్షకు ఉదాహరణగా చెప్పడము విన్నాము. మాకు మాత్రము అది చదివినప్పుడెల్లా, ఆ సమయంలో ఇంటిలో ఒంటరిగా ఉన్న తల్లియే గుర్తుకు వస్తుంది. మెచ్చుకోవాలో దుఃఖించాలో తేల్చుకోలేకపోతాము.

పిల్లల కోసము ఆయన ఉర్దూలో కథలు వ్రాశారు. అబ్బూ ఖాన్ మేక కథను మనలో ఉర్దూ మాధ్యమంలో చదివినవారందరూ ఎరుగుదురు. కొండ మీది స్వేచ్ఛ కోసము కట్టుకొయ్యను విడిచిపోయి, రాత్రి అంతా తోడేలుతో పోరాడిన మేక కథ అది. మూలము ఒక ఫ్రెంచి కథ అయినా, ఆయన చేతిలో అది హిమాలయాల కథ అయినది. ఆ కథలను ఆయన తన పేరుతో ప్రకటించలేదు. రుఖయ్యా రెహానా అన్న పేరుతో ప్రకటించారు. పోయిన కుమార్తె పేరు అచ్చులో బతికి ఎందరో పిల్లల చేతులలోకి వెళ్లింది.

1937 అక్టోబరులో గాంధీజీ వార్ధాలో విద్యా మహాసభను సమావేశపరచారు. బడి ఖర్చును బడిలోని చేతిపనియే భరించాలన్నది గాంధీజీ అభిప్రాయము. జాకిర్ హుస్సేన్ గారు ఆయన ఎదుటనే లేచి సందేహము వెలిబుచ్చారు. ఆదాయము మీద దృష్టి ఎక్కువైతే ఉపాధ్యాయుడు పేద పిల్లల చేత చాకిరీ చేయించుకొనే మేస్త్రీగా మారే ప్రమాదము ఉన్నదని హెచ్చరించారు. ఎదురు చెప్పినవానినే గాంధీజీ ఉపసంఘానికి అధ్యక్షునిగా నియమించారు. ఆ పెద్దరికము గాంధీజీది, ఆ నిర్భయత్వము జాకిర్ హుస్సేన్ గారిది. ఏడేండ్లపాటు ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, చేతిపని కేంద్రముగా చదువు అన్న బేసిక్ విద్యా ప్రణాళిక ఆ సంఘము నివేదికలో నుండి పుట్టినదే. ఆ పథకము ముస్లిం లీగు విమర్శలకు గురి అయింది. కొన్ని చోట్ల కాంగ్రెసువారి అత్యుత్సాహము దానిని చెడగొట్టింది. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత దేశమంతటా బేసిక్ పాఠశాలలు వెలిశాయి. చాలా చోట్ల మూలనపడిన రాట్నము, తలుపు మీది బోర్డు మాత్రమే మిగిలాయి. తాను రూపొందించిన ప్రణాళిక ఈ విధంగా వెక్కిరింతకు గురికావడము చూచి ఆయన తమ అసంతృప్తిని బహిరంగంగానే వెల్లడించారు.

లోపము ఎక్కడ ఉన్నదో ఆయన ముందే గుర్తించారు. కొత్త పద్ధతికి కొత్త ఉపాధ్యాయులు కావాలి. అందుకే 1938లో జామియాలో ఉస్తాదోంకా మద్రసా అనే ఉపాధ్యాయ శిక్షణ సంస్థ ఏర్పడింది. ఉపాధ్యాయుడు కాదలచినవానిలో ఏమి ఉండాలన్న ప్రశ్నకు ఆయన చెప్పిన సమాధానము విచిత్రంగా ఉంటుంది. జ్ఞానతృష్ణ గలవాడు మంచి పండితుడు కావచ్చును, మంచి ఉపాధ్యాయుడు కాకపోవచ్చునని ఆయన అభిప్రాయము. అధికారమంటే మోజు గలవాడు ఈ వృత్తికి అసలు పనికిరాడు. ఎదుగుతున్న మరొక ప్రాణిని చూచి సంతోషించే స్వభావము, దానిలో ఏ శక్తి దాగియున్నదో కనిపెట్టే ఓర్పు, అందరూ ఆశ వదలుకొన్న పిల్లవాని మీద కూడా ఆశ వదలుకోని గుణము ఉన్నవాడే దీనికి తగినవాడు. ఈ కొలబద్దతో చూస్తే మన తరగతిలో మొదటి మార్కులవాడు కాకుండా, వెనుక బెంచీలో కూర్చుండి పక్కవానికి లెక్క విప్పి చెప్పే మిత్రుడే రేపటి ఉపాధ్యాయుడు కావచ్చును. బి.ఇడి. ప్రవేశపరీక్షలో ఈ గుణాన్ని కొలిచే ప్రశ్న మాకు ఇంతవరకు కనిపించలేదు.

తక్కిన సంగతులు త్వరగా చెబుతాము. 1946 నవంబరులో జామియా రజతోత్సవము జరిగింది. దేశము మతకలహాలతో మండుతున్న రోజులవి. నెహ్రూ, ఆజాద్, జిన్నా, లియాఖత్ అలీ గారలను ఒకే వేదిక మీద కూర్చుండబెట్టి, ఈ మంటలు ఆర్పవలసిందని, పిల్లలను పెంచే తోటమాలులకు ఇంతకంటె కోరిక లేదన్న భావముతో ఆయన వారిని వేడుకొన్నారు. మంటలు ఆరలేదు. 1947లో కాశ్మీరుకు ప్రయాణమై పోతూ ఉండగా జలంధరు స్టేషనులో అల్లరిమూక చేతిలో ఆయన ప్రాణమే పోవలసి ఉండినది. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి అడ్డుపడి కాపాడారు. 1948లో, విభజన గాయాలతో దిక్కుతోచక ఉన్న అలీగఢ్ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా వెళ్లి 1956 వరకు ఉన్నారు. డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యాసంఘంలో ఆయన కూడా సభ్యులు. 1957 నుండి 1962 వరకు బీహారు గవర్నరు, తరువాత ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న.

1967 రాష్ట్రపతి ఎన్నికలో ఆయనకు ప్రధాన ప్రత్యర్థి మన తెలుగువారే. భారత ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి పోటీకి దిగిన కోకా సుబ్బారావు గారు. జాకిర్ హుస్సేన్ గారికి 4,71,244 ఓట్ల విలువ, సుబ్బారావు గారికి 3,63,971 లభించాయి. మే 13న ఆయన పదవీ స్వీకారము చేశారు. రాధాకృష్ణన్ గారు దిగిన పీఠము మీదికి ఆయన ఎక్కడము, అనగా ఒక ఉపాధ్యాయుని తరువాత మరొక ఉపాధ్యాయుడు రావడము, ఆనాడు పలువురు గమనించిన విషయము. ఆ సందర్భంలో ఆయన తమ గవర్నరు పదవిని, ఉపరాష్ట్రపతి పదవిని పెద్దగా తలచలేదు. సుమారు 47 ఏండ్ల క్రిందట జాతీయ విద్యకు జీవితము అంకితము చేసిన ఒక సామాన్య ఉపాధ్యాయునికి దేశము చేసిన గౌరవముగా ఆ ఎన్నికను చెప్పుకొన్నారు. 1967లో నుండి 47 తీసివేస్తే 1920 వస్తుంది. అలీగఢ్ డేరాలలో పాఠము చెప్పిన సంవత్సరము నుండియే ఆయన తమ వయస్సును లెక్కపెట్టుకొన్నారన్నమాట.

రాష్ట్రపతి భవనంలో రెండు సంవత్సరాలు కూడా నిండలేదు. గులాబీ మొక్కల మీద, శిలాజాల సేకరణ మీద ఆయనకు ఉన్న ఇష్టము అక్కడ కూడా కొనసాగింది. 1969 మే 3వ తేదీన ఆకస్మికంగా మరణించారు. పదవిలో ఉండగా మరణించిన మొదటి రాష్ట్రపతి ఆయనే. భౌతికకాయాన్ని ఓఖ్లాకు తీసికొనివెళ్లి జామియా ఆవరణలో ఖననము చేశారు. ఒక వంక మసీదు, మరొక వంక గ్రంథాలయము. 1988లో ఆ సంస్థ కేంద్ర విశ్వవిద్యాలయమయింది. విద్యార్థులు నేటికీ ఆ సమాధి పక్కగానే తరగతులకు నడిచి వెళ్తూ ఉంటారు.